థేడీ జాగారానికి సీసాలు

డ్రమ్‌కీల్,
అక్టోబరు, వాన వదలని మంగళవారం

నా ఊనా అక్కకి,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. మీ మఠం తోటలో బల్ల ఉందన్నావు కదా, దాని మీద కూర్చుని చదువు. నీ మరిది చావబోతున్నాడు. ఆ సంగతి నాకు చెప్పింది ఆయన కాదు, డాక్టరూ కాదు. వెన్న కొనడానికి వెళితే డోనీ హర్లీ చెప్పాడు.

డోనీ కొట్టు నువ్వు సన్యాసినివై మఠంలో చేరకముందు ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. ముందు గదిలో పచారీ సామాన్లు, వెనక గదిలో పబ్బు. నేను వెన్న చేతిలో పట్టుకుని చిల్లర తీస్తుంటే, "వదినా, జాగారానికని థేడీ అడిగిన విస్కీల్లో పాట్ స్టిల్ సీసాలు వచ్చేశాయి, మాల్ట్ ఇంకా రాలేదు, క్రిస్మస్ లోపు తెప్పిస్తానని చెప్పు" అన్నాడు. ఎవరి జాగారం అని అడిగాను. వాడి మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. పక్కన బ్రెడ్డు ఏరుకుంటున్న పోస్టాఫీసు ఆవిడ తల దించుకుంది. అంటే ఆవిడకీ తెలుసు! శవం పక్కన ఊరంతా కూర్చుని తాగబోయే సీసాల లెక్క ఊరికి తెలిసింది, ఆ శవం ఎవరిదో కట్టుకున్న నాకు తెలియదు. తల కొట్టేసినట్టయింది అక్కా. వెన్న అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి ఈయన పొయ్యి పక్కన కూర్చుని కుక్క చెవులు గోకుతున్నాడు. అడిగాను. కాదనలేదు. మోకాలి నొప్పికని వేసవంతా కార్క్ ఆస్పత్రికి వెళ్ళొచ్చిన మాట అబద్ధమట. వెళ్ళింది కడుపులో గడ్డకి మందు ఎక్కించుకోవడానికట. ఆ మందు వల్ల లాభం లేదని తేల్చారట. వసంతం దాకా ఉంటే గొప్పట. ఇదంతా సంతలో గొడ్డు ధర చెబుతున్నట్టు చెప్పాడు. డోనీకి చెప్పడానికి నోరు వచ్చింది, నాకు చెప్పడానికి రాలేదా అన్నాను.

"సీసాలు తేలిపోయాక నీకు చెబుదామనుకున్నాను" అన్నాడు.

చూశావా? ముందు సీసాలు, తర్వాత పెళ్ళాం. ఒళ్ళు మండిపోయింది.

ఈయన ముక్కు గొప్పతనం నీకు తెలియంది కాదు. ఈ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా, బారసాలయినా, ఏ విస్కీ కొనాలో అడగడానికి మా గుమ్మం ఎక్కాల్సిందే. మామగారు నీళ్ళు కలుపుకుంటాడా, అయితే పాట్ స్టిల్ కొను, నీళ్ళు పోసినా అది లొంగదు అంటాడు. అలవాటు లేనివాళ్ళకి మాల్ట్ పెట్టు, తియ్యగా దిగుతుంది అంటాడు. జలుబుకి నిమ్మకాయా లవంగాలూ వేసి వేడిగా తాగేదానికి అవీ ఇవీ కలిపేసిన మామూలు బ్లెండు చాలు, అందులో పాట్ స్టిల్ పోసినవాణ్ణి జైల్లో పెట్టాలి అంటాడు. మాల్ట్ అంటే మొత్తం మొలకెత్తించిన బార్లీ, ఎవరైనా చేస్తారు. మొలకెత్తిన దాంతో పచ్చి బార్లీ కూడా కలిపి రాగి బానలో కాచి పాట్ స్టిల్ దింపాలన్న తెలివి మాత్రం మనవాళ్ళదే అని అతిథి దొరికితే చాలు ఉపన్యాసం. నేను పన్నెండో ఏట నీ పక్కనే నిలబడి, మందు ముట్టనని ఒట్టేసి కోటుకి బిళ్ళ పెట్టుకున్నదాన్ని. నలభై ఏళ్ళుగా ఆ ఉపన్యాసం వింటూ గ్లాసులు కడిగాను.

ఇప్పుడు తన చావుకి తనే పంపకాలు చేసుకున్నాడు. శవపెట్టె మోసేవాళ్ళకి పాట్ స్టిల్. ఫాదర్ క్రెమిన్‌కి మాల్ట్. వచ్చే పోయే జనానికి బ్లెండు. పొలం గట్టు కోసం తన మీద కోర్టుకెక్కిన పినతండ్రి కొడుకు బ్యాటీకి మాత్రం మొక్కజొన్న సారా ఎక్కువ కలిపిన, అన్నిటికన్నా చవక సీసా. బ్యాటీ కూడా గుర్తొచ్చాడు అక్కా ఈ మనిషికి. నేను గుర్తు రాలేదు.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను, మొహం మీదే చెప్పేశాను. జాగారం నా ఇంట్లో జరగదు. పట్నంలో అంత్యక్రియల వాళ్ళ హాల్లో పెట్టిస్తాను. వచ్చినవాళ్ళకి టీ, బిస్కట్లు. చుక్క మందు ఉండదు. ఈ బిళ్ళ మీద ఒట్టు.

దేవుడి దగ్గర ఉన్నదానివి, నాకు ఓర్పు ఇమ్మని అడుగు. ఈయన కోసం తర్వాత అడుగుదువుగాని.

నీ చెల్లెలు,
కడుపు రగిలిపోతున్న డింప్నా


డ్రమ్‌కీల్,
నవంబరు

ఊనా అక్కా,

నీ జవాబు అందింది. క్షమించమన్నావు. రెండు పేజీల నిండా క్షమించమనే రాశావు. మీ మఠంలో మీకెవరికీ మొగుళ్ళు లేరు కాబట్టి క్షమించడం మీకు తేలిక. కోపగించుకోకు, నీ మీద కాకపోతే ఇంకెవరి మీద విరుచుకుపడను?

టీ బిస్కట్లు అని నేను తెగేసి చెప్పినా ఈయన చెవిన వేసుకోలేదు. పోయిన ఆదివారం పూజ అయ్యాక డోనీని వెంటబెట్టుకుని వచ్చాడు. డోనీ నా మొహం చూడలేక, తల వంచుకుని సంచీలోంచి సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు పాట్ స్టిల్ రకాల్లో ఒకటి, రెండు మాల్టుల్లో ఒకటి తేల్చుకోవాలట. నేను వాళ్ళకి వీపు పెట్టి బ్రెడ్డు పిండి కలుపుతున్నాను. చప్పుడు చేస్తూనే కలిపాను.

డోనీ మొదటి గ్లాసు పోశాడు. నేను పొయ్యి దగ్గర ఉండగానే ఆ వాసన వచ్చింది, తేనె రాసిన బిస్కట్టులాంటి వాసన. మాల్ట్. నాకు తాగడం తెలియదు గాని, రాత్రి తాగిన గ్లాసు పొద్దున్న కడిగేదానికి ఏది ఏమిటో తెలియకుండా ఉంటుందా? పాట్ స్టిల్ గ్లాసు వేరు. పచ్చి ఆపిలూ శొంఠీ కలిసినట్టు ఉంటుంది, అడుగున మన నాన్న హర్లింగ్ ఆట కర్రలకి రాసే అవిసె నూనె వాసన వస్తుంది. బ్లెండు గ్లాసుకి తీపి వాసన తప్ప ఏమీ మిగలదు.

ఈయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆహా, ఇదీ పాట్ స్టిల్ అంటే. పచ్చి బార్లీ కారం చూడు" అన్నాడు.

నేను వెనక్కి తిరిగాను. డోనీ వంక చూశాను. వాడు సీసా మీద కాగితం వేలితో గీకుతూ, "అవును థేడీ, అంతే" అన్నాడు.

డోనీని పంపించేశాను. ఎలాగని అడగకు, పంపించేశాను. వాడు వెళ్ళాక ఇంకో రెండు గ్లాసుల్లో ఒకదాంట్లో పాట్ స్టిల్, ఒకదాంట్లో జలుబుకి వాడే బ్లెండు పోసి ఈయన ముందు పెట్టాను. ఏది ఏమిటో చెప్పమన్నాను. ఒకటి వాసన చూశాడు. రెండోది చూశాడు. మళ్ళీ మొదటిది చూశాడు. గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"ఆగస్టు నుంచి. ఆ ఆస్పత్రి మందు నాలుకనీ ముక్కునీ ఎత్తుకుపోయింది. నీ బ్రెడ్డు కూడా అట్టముక్కలాగే ఉంటోంది."

"మరి రోజూ బాగుంది బాగుంది అని తిన్నావు?"

"బాగోలేదంటే ఎందుకని అడుగుతావు కదా."

చేతికున్న పిండి కడుక్కోకుండానే ఎదురుగా కూర్చున్నాను. ఇన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్న అప్పుడు అడిగాను. అరవకుండా అడిగాను. డోనీకి చెప్పావు, నాకెందుకు చెప్పలేదు థేడీ?

కుక్క వైపు తిరిగాడు. దానికి చెబుతున్నట్టు చెప్పాడు.

"చెబితే నువ్వు మంచిదానివైపోతావు డింప్నా. మా అమ్మ విషయంలో చూశాను. ఆవిడ ఇక లేవదని తెలిసిన రోజు నుంచి నువ్వు ఒక్క మాట గట్టిగా అనలేదు. ఆవిడ నాతో ఏమందో తెలుసా? నీ పెళ్ళాం నన్ను తిట్టడం మానేసిందిరా, నా పని అయిపోయింది అంది. బూట్లు బయట విప్పమని నువ్వు అరుస్తుంటే నాకేమీ కాలేదనిపిస్తుంది. ఆ అరుపు ఇంకొన్నాళ్ళు కావాలనుకున్నాను."

అక్కా, ఇంతకన్నా అన్యాయం ఎక్కడైనా ఉందా? నన్ను గయ్యాళిగానే ఉంచుకోవడానికి వేసవంతా నాటకం ఆడాడు! నేను మెత్తగా మాట్లాడితే చచ్చిపోతాడట. లోకంలో ఏ మగాడూ ఏ ఆడదానికీ ఇలాంటి మాట చెప్పి ఉండడు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది బయటపెట్టాలో తెలియక కిందికి చూస్తే, కడిగిన నేల మీద ఈయన బూట్లు, వాటి కింద బురద.

"బూట్లు విప్పు. ఇది ఇల్లా, పశువుల కొట్టమా?" అన్నాను.

విప్పాడు. నవ్వుతూ విప్పాడు. కళ్ళు తడిసి ఉన్నాయి, చూడనట్టే ఉన్నాను.

తర్వాత గ్లాసులు నా వైపు జరిపి, నువ్వు చూడు అన్నాడు. వాసన చూస్తే ఒట్టు తప్పినట్టవుతుందా అక్కా? మీ మఠం పెద్ద మదర్‌ని అడుగు. వద్దులే, అడక్కు. ఒక్కొక్కటీ చూశాను. మొదటి పాట్ స్టిల్‌లో షెర్రీ వైన్ పీపాలో నానిన ఎండుద్రాక్ష వాసన ఎక్కువ, బార్లీ దాని కింద నలిగిపోయింది. రెండోదాంట్లో బార్లీ తలెత్తుకుని నిలబడింది. రెండోది అన్నాను. నేను చెబుతుంటే ఈయన కళ్ళు మూసుకుని విన్నాడు. నా మాటల్లోనే వాసన చూశాడనుకుంటాను.

బ్యాటీ చవక సీసా దగ్గరికి వచ్చేసరికి ఒప్పుకోలేదు. నా ఇంటికి వచ్చినవాడికి వేరే సీసా వంచను, అందరికీ పోసిందే వాడికీ పోస్తాను అన్నాను.

"నీ ఇంటికా? పట్నంలో టీ బిస్కట్లు అన్నావు కదా?" అన్నాడు.

నోరు మూసుకోమన్నాను.

నీ చెల్లెలు,
గయ్యాళి డింప్నా


డ్రమ్‌కీల్,
ఫిబ్రవరి

అక్కా,

థేడీ సెయింట్ బ్రిజిడ్ పండగ మర్నాడు పొద్దున్నే పోయాడు. మీ కబురు అందింది, మీరందరూ ప్రార్థన చేశారని తెలిసింది. చేసింది చాలు. ఇప్పుడు నా మాట విను.

చివరి వారం ఇంటికి వచ్చే నర్సు మంచి పిల్లే, కాని నన్ను పక్కకి పిలిచి, ఆయనతో కాస్త మెల్లగా మాట్లాడండి అమ్మా అని సలహా ఇచ్చింది. పోనీ అని ఒకసారి ప్రయత్నించాను. చెయ్యి పట్టుకుని, నీకేం కావాలి థేడీ అన్నాను. ఈ మనిషి కళ్ళు తెరిచి నన్ను చూసిన చూపు నీకెలా చెప్పను! భయపడిపోయాడు. వెంటనే, దుప్పటంతా కిందికి తన్నేశావు, ఎన్నిసార్లు సర్దాలి నేను అన్నాను. నిమ్మళించాడు. నర్సు నన్ను రాక్షసిని చూసినట్టు చూసింది. చూడనీ.

జాగారం ఇంట్లోనే చేశాను. ఆనవాయితీగా గడియారం ఆపి, అద్దాలకి గుడ్డలు కప్పి, పెట్టె ముందు గదిలో పెట్టాను. హ్యామ్ శాండ్‌విచ్‌లు చుట్టుపక్కల ఆడవాళ్ళు తెచ్చారు. విస్కీ నా చేత్తో నేనే పోశాను, బిళ్ళ కోటుకి ఉండగానే. ఫాదర్ క్రెమిన్ బిళ్ళనీ చూశాడు, సీసానీ చూశాడు. మాల్ట్ బాగుందన్నాడు, రెండోసారి పోయించుకున్నాడు. డోనీ పాట్ స్టిల్ వాసన చూసి, ఏరింది ఎవరని అడిగాడు. నేనేనన్నాను. వాడు గ్లాసు పైకెత్తి నాకు తల వంచాడు.

బ్యాటీ వస్తాడో రాడో అనుకున్నాను. కోటు గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. పెట్టె పక్కన చాలాసేపు నిలబడ్డాడు. వాడికీ అదే పాట్ స్టిల్ పోశాను, నిండుగా పోశాను. ఒక గుక్క తాగి, గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా, "మంచి మాల్ట్ పెట్టావు డింప్నా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏరి ఏరి తెచ్చిన పాట్ స్టిల్‌ని పట్టుకుని మాల్టంటాడా! ఏమీ ఆలోచించలేదు అక్కా, పెట్టె వైపు తిరిగి, "విన్నావా థేడీ, వీడు దీన్ని మాల్ట్ అంటున్నాడు" అన్నాను.

నేను జవాబు కోసం నిలబడి ఉన్నాను. నిజంగానే నిలబడ్డాను. నలభై ఏళ్ళలో నేనన్న మాటకి ఈ మనిషి బదులు చెప్పకపోవడం అదే మొదటిసారి.

అప్పుడు వచ్చింది ఏడుపు. బ్యాటీయే నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. తప్పయిపోయింది వదినా, పాట్ స్టిలే, పాట్ స్టిలే అంటూ వాడూ ఏడ్చాడు.

అప్పటినుంచీ ఊరంతా నాతో మెత్తగా మాట్లాడుతోంది. డోనీ వెన్నకి డబ్బు తీసుకోవడం లేదు. పోస్టాఫీసు ఆవిడ నా చెయ్యి నిమురుతోంది. అందరూ గొంతు తగ్గించి, తల పక్కకి వంచి, ఎలా ఉన్నావు అంటున్నారు. థేడీ దేనికి భయపడ్డాడో ఇప్పుడు తెలిసింది. ఈ మెత్తదనం నేను భరించలేకపోతున్నాను.

నువ్వు రాసే ఉత్తరంలో ఓదార్పు రాయకు. దేవుడి చిత్తం అని రాయకు. చిన్నప్పుడు నీ మేజోళ్ళు వేసుకుని బురదలో తిరిగొచ్చినప్పుడు నన్ను తిట్టేదానివే, అలా తిట్టు. గట్టిగా తిట్టు అక్కా.

నీ
డింప్నా