ఖనిజం బండికి చెప్పిన పాఠాలు

కిరండూల్,
ఆదివారం, వాన.

ఎర్రబోరు బడిలో ఆంగ్లోపాధ్యాయులుగా వెలుగొందుతున్న మహారాజశ్రీ హుంగా సారు గారికి,

ఒరే హుంగా,

ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఈ కోడిగీతల చేతిరాతకు క్షమాపణ. ఫోనులో రెండు ముక్కల్లో తేలిపోయే సంగతికి ఇన్ని కాగితాలు ఖరాబు చేస్తున్నందుకు క్షమాపణ. నీ హాస్టల్ పెట్టెలోంచి మాయమైన చింతపండు ఉండకు, పంద్రాగస్టు నాటి నీ లడ్డూలో తగ్గిన పావు వంతుకు, మా ఆవకాయ సీసాల లేబుళ్లు చూపించి నీకు తెలుగు చదవడం నేర్పినందుకు క్షమాపణ. వీటిలో సగం నేరాలు నావి కావు. అయినా ఒప్పుకుంటున్నాను. డిగ్రీ చదివినవాడికి కాస్త వినయం ఉండాలని మా అమ్మ కోరిక.

నిన్న నువ్వు ఫోనులో అన్న మాట గురించే ఇదంతా. మన రాజ్యశ్రీ మేడమ్ మళ్లీ చైనా పిల్లల అడ్రసు పంపించి, నీ క్లాసు చేత ఉత్తరాలు రాయించమంటే వద్దన్నావట. ఎందుకురా అంటే, "ముప్పయ్యొక్క మంది రాస్తే ముప్పయి మందికే వస్తయి. రానోడు ఏంది చెయ్యాలె? వాడి మొహం నేను చూడలేను బే" అన్నావు. నవ్వి పెట్టేశావు. నేను అన్నం ముందు అలాగే కూర్చున్నాను. "ఏటిరా, ఉప్పెక్కువైందా?" అని అమ్మ మూడుసార్లు అడిగింది. మా అమ్మ అప్పలకొండమ్మ గారి ఎండుచేపల పులుసు నేను వదిలేశానంటే సంగతి ఎంత గంభీరమైనదో నీకు వేరే చెప్పాలా?

ఏడో తరగతి గుర్తుందా? మన క్లాసులో నాలుగు భాషలు. మీ గొల్లపల్లి దోర్లీ, వెనక బెంచీల హల్బీ, మార్కెట్టు హిందీ, మా శ్రీకాకుళం తెలుగు. మేడమ్ ఇంగ్లీషులో ప్రశ్న వేసిందా, అందరిదీ ఒక్కటే భాష: మౌనం. నువ్వు నోరు తెరిస్తే మంగల్ గాడు వెనకనుంచి కిసుక్కుమనేవాడు. అందుకని నువ్వు తెరవడమే మానేశావు.

అప్పుడే మేడమ్‌కు ఆ ఆలోచన వచ్చింది. ఆవిడ స్నేహితురాలు చైనాలో ఏదో ఊళ్లో ఇంగ్లీషు చెప్పేది. ఇక్కడి ఏడో తరగతి అక్కడి ఏడో తరగతికి ఉత్తరాలు రాయాలని హుకుం. నేను పచ్చ అట్ట గైడులోంచి 'నా దేశం' వ్యాసం నాలుగు పేజీలు దింపి, కింద ఘనంగా సంతకం పెట్టాను. నువ్వు అరపేజీకి మూడు రోజులు తీసుకున్నావు. చూపించమంటే అరచేత్తో మూసేశావు.

జవాబుల కట్ట మార్చిలో వచ్చింది. ఇప్పపూలు రాలే కాలం, పూలేరడానికి నువ్వు ఊరెళ్లావు. మానిటర్‌ని కాబట్టి కట్ట విప్పి పంచింది నేనే. మర్నాడు నేను నా ఉత్తరాన్ని క్లాసు ముందు నిలబడి చదివాను. ఆ చైనా అబ్బాయి తనకు తానే ఫారెస్ట్ అని ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాడు. మా ఊళ్లో అడవి లేదు, అందుకే ఈ పేరు అని రాశాడు. రోజుకు నలభై మాటలు బట్టీ పట్టాలట. తప్పు రాసిన మాటల కోసమే ఒక నోటుబుక్కు ఉంటుందట. పొద్దున్నే యాభై ముగ్గురు లేచి నిలబడి, ఎవరి పాఠం వాళ్లు గొంతెత్తి చదువుతారట. "అప్పుడు నేను తప్పులన్నీ ధైర్యంగా చదువుతాను. అందరూ అరుస్తుంటే నన్ను వినేదెవరు?" అని రాశాడు.

నువ్వు తిరిగొచ్చి అడిగావు. నీకు రాలేదన్నాను.

"ఏంది, నా ఒక్కడికే రాలేదా?" అన్నావు. పైగా నువ్వే నన్ను ఓదార్చావు. "నా అంగ్రేజీ వాళ్లకు సమజ్ అయ్యుండదులే."

ఆ సాయంత్రమే నిన్ను రైలు పట్టాల దగ్గరకు లాక్కుపోయాను. ఖనిజం నింపుకున్న బండి విశాఖ వైపు కదిలింది. "ఇది దాటేదాకా నిన్ను దేవుడు కూడా వినడు, చదవరా" అన్నాను. పది పెట్టెలు పోయాయి. నీ పెదాలు కదల్లేదు. ఇరవయ్యో పెట్టెకు నీ మెడనరాలు ఉబ్బడం చూశాను. ఏం చదివావో నాకే వినపడలేదు. ఆఖరి పెట్టె దాటిపోయినా నీ గొంతు ఆగలేదు. ఒక్క వాక్యం, ఖాళీ పట్టాల మీద, ఒంటరిగా. గేటు దగ్గర సన్యాసిరావు జెండా చంకలో పెట్టుకుని, "ఏటి బాబూ, నా బండినెందుకు తిడతన్నావు?" అన్నాడు. నువ్వు సిగ్గుతో చచ్చిపోయావు. మర్నాడు నాకంటే ముందొచ్చి నిలబడ్డావు.

రెండేళ్లు, హుంగా! మన ఇంగ్లీషు ఆ బండి విన్నంతగా మేడమ్ కూడా వినలేదు. ఇనుప ఖనిజం దుమ్ముకి పుస్తకాల అంచులు ఎర్రగా, పళ్ల మీద ఎర్రగా. ఇప్పుడు నువ్వు రేకుల కప్పు మీద వాన దంచుతున్నప్పుడు పిల్లల చేత పెద్దగా చదివిస్తున్నావని విన్నాను. నీ పిల్లలకు బండి లేకపోతే వాన దొరికింది.

ఆ రోజుల్లో నిన్ను వింత ప్రశ్నలు అడిగేవాణ్ని, గుర్తుందా? ఇప్పపూలు ఎన్ని గంటలకు రాలతాయి? చెట్టు కింద ఎలుగుబంటి ఎదురైతే ఏం చేస్తారు? "నీకెందుకు బే?" అనేవాడివి. జనరల్ నాలెడ్జి అనేవాణ్ని. నువ్వు నమ్మి, ఓపిగ్గా అన్నీ చెప్పేవాడివి.

ఇక చుట్టూ తిరగడం ఆపుతాను. మొదటి పేజీలో అడిగిన క్షమాపణలన్నీ వాపసు తీసుకుంటున్నాను, చింతపండుతో సహా. ముప్పయ్యొక్క మంది రాస్తే ముప్పయి వచ్చిన మాట నిజమే. రానివాడివి నువ్వు కాదు, నేను. గైడు వ్యాసానికి జవాబెవడిస్తాడు? పంచుకుంటూ పోయి అడుగున మిగిలిన కవరు నాదే అనుకున్నాను. దాని మీద నీ పేరుంది. నువ్వు బళ్లో లేవు, క్లాసంతా నా చేతుల వైపు చూస్తోంది. "నువ్వు ఏరే పూల వాసన ఎలా ఉంటుంది?" అని ఫారెస్ట్ అడిగిన వాక్యాన్ని మింగేసి, మర్నాడు మిగతాది చదివాను. తర్వాత నీ దగ్గర విన్నవన్నీ జవాబుగా రాసి, కింద నీ పేరే పెట్టాను. అంతమాత్రాన అది నీకు అందినట్టు కాదని తెలుసు.

కవరుతో సహా ఇందులో పెడుతున్నాను. నన్ను తిట్టడానికి తొందరేం లేదు, ముందు పిల్లల చేత రాయించు.

నీకు ఉత్తరం వచ్చిందిరా, హుంగా. నేనే దాచాను.

ఉమామహేష్