మోతి కాలి మీద నీ తువ్వాల

బాపూ, నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున మన కుక్క మోతిని ఆటో గుద్దింది. తలకు దెబ్బ తగిలి మెదడు వాచిందని సిరిసిల్ల పశువుల డాక్టరు కాలికి సెలైన్‌లో మందు ఎక్కించాడు.

“గీ మందు వాపు గుంజుతది గని, ఒక్కోపారి నెత్తురు జల్ది గడ్డకట్టదు. సూది తీసిన కాడ గట్టిగ ఒత్తిపట్టు బిడ్డా, మాటిమాటికి తీసి చూడకు” అన్నాడు.

నేను ఆగలేక దూది తీసి చూశాను. మళ్లీ నెత్తురు వచ్చింది.

సాంచా మగ్గం మీద తెగిన పోగును ముడివేసి వెంటనే లాగి చూస్తే, “పట్టనియ్యి బిడ్డా” అని నువ్వు కసిరేవాడివి. ఈసారి నీ తువ్వాలతో ఒత్తి, కళ్లు మూసుకున్నాను. చాలాసేపటికి నెత్తురు ఆగింది.

మోతి కళ్లు తెరిచింది. తువ్వాల వాసన చూసి, గుమ్మం వైపు తల తిప్పింది.

నేనూ చూశాను బాపూ.