ఒక సైజు పెద్ద ఫ్రేమ్

రఫీ,

నువ్వు పోయి ఏడాది. ఈరోజు బెంజ్ సర్కిల్ దగ్గర, నీ సైకిల్ కొన్న షాపుకే వెళ్లాను. ఒకాయన తన కూతురికి పాత రేసు సైకిల్ చూస్తున్నాడు. ఎక్కి కూర్చుంటే ఆ పిల్ల వేళ్లు బ్రేకులకు సరిగా అందడం లేదు.

"సీటు దించితే సరిపోద్ది," అన్నాడాయన.

ఆరోజు నీతో నేనూ అదే అన్నాను. "ఫ్రేమ్ పెద్దది భాయ్, చేతులు అందట్లేదు," అని నువ్వు చెప్పినా వినలేదు.

"వద్దండీ, చిన్న సైజు చూడండి. లారీ అడ్డమొస్తే మా తమ్ముడు బ్రేకు అందుకోలేకపోయాడు," అన్నాను.

ఆయన కూతుర్ని దింపేశాడు.

లారీవాడిదే తప్పని అమ్మీ ఇన్నాళ్లూ నమ్మింది. ఇంటికొచ్చి ఆమెకు నిజం చెప్పాను. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.