నాన్న బారకు ఎన్ని అడుగులు

ఫిబ్రవరి 9
బావ నా టేబుల్ మీద కాగితం పడేసి వెళ్ళాడు. మా దీవుల్లో రంగత్ అవతల కట్టబోయే చిన్న రేవు లెక్క. నీటి లోతు బారల్లో, ఆటుపోట్లు అడుగుల్లో, రేవుకొచ్చే పెద్ద పడవ నీళ్ళలో ఎంత దిగుతుందో మీటర్లలో. మూడు కొలతలకూ ఒకదాని భాష ఒకదానికి రాదు, కూడమంటే ఎలా కూడను? "అన్నీ మీటర్లలోకి మార్చీయే రత్నం, కొత్త ఆర్డరు." అక్క మొగుడైనా హాడో రేవుల ఆఫీసులో ఓవర్సీరు ఓవర్సీరే.

ఫిబ్రవరి 10
లోతులు తీసింది నాన్న. సర్వే లాంచీ రిపేరులో ఉందని ఆయన్నీ ఆయన పడవనీ పిలిచారు. తాడుకు సీసపుగుండు కట్టి దింపడం, పైకి లాగుతూ రెండు చేతులూ చాపి బారలు లెక్కపెట్టడం... ఇన్నాళ్ళూ చేపల కోసం చేస్తున్న పనే. లాంచీ బాగై వచ్చాక దాన్ని నడిపే సరంగు ఉద్యోగం నాన్నదేనని బావ మాటిచ్చాడు. అమ్మ అప్పుడే ఖాకీ చొక్కా గురించి మాట్లాడుతోంది.

ఆఫీసు పట్టికలో బారకు ఆరడుగులు. పడవ కట్టే చోట, నీళ్ళు తగ్గే ఆటు సమయంలో, రెండు బారలు. అంటే పన్నెండడుగులు — 3.66 మీటర్లు. పడవ దిగేది 3.30. చాలు. కింద సంతకం పెట్టాను.

ఫిబ్రవరి 21
ఆఫీసు వెనక సిమెంటు తొట్టి కట్టి, బంకమన్నుతో రేవు నమూనా చేశారు. అడుగుకు అంగుళం. చెక్కపడవ తేలింది. బావ చప్పట్లు కొట్టించాడు. నేనూ కొట్టాను.

ఫిబ్రవరి 23
సాయంత్రం నాన్న కొత్త వల కొలుస్తున్నాడు, బారలతోనే. ఎందుకో అనుమానం. టేపు తెచ్చాను.
"ఏటే, చొక్కా కుట్టిస్తావేటి?"
చేతులు చాపితే ఈ వేలి చివర నుంచి ఆ వేలి చివరకు ఐదడుగుల మూడంగుళాలు. మళ్ళీ కొలిచాను. అంతే.
రెండు బారలంటే పదడుగుల ఆరంగుళాలు. 3.20. పడవకు నాలుగంగుళాల నీళ్ళు తక్కువ. తొట్టికేం తెలుసు, మేమెంత లోతు తవ్వితే అంత.

ఫిబ్రవరి 24
లెక్కంతా తిరగరాసి బావ చేతికిచ్చాను.
"అరే పగలీ, డ్రాయింగులు ఎల్లిపోయినాయి కదే..." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, ఫైల్లో ఎడతాను. సాబుతో నేనే మాటాడతాను. నామీద నమ్మకం నేదేటి?"
ఉందన్నాను. నిజంగానే ఉంది. నాకు లెక్కలు నేర్పింది ఆయనే.

మార్చి 2
అడిగాను. సాబుకు చెప్పడం అయిందా అని. "హో గయా," అయిపోయిందట.

నవంబరు 17
రేవు మొదటి రోజే పడవ నేలకు కరుచుకుంది. ఆటులో. నాలుగు గంటలు బురద మీదే. అక్కడ కొత్తగా స్థిరపడ్డ సెటిలర్ల ఆడవాళ్ళు పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని దిగారట. ఎవరికీ ఏమీ కాలేదు. రేడియో గదిలో ఈ మాట విన్నాను. మరి నా కాగితం?

నవంబరు 19
పెద్ద సాబు పిలిచాడు. బావ నా పక్కనే నిలబడి, నావైపు చూడకుండా — "మఛ్లీవాలే నే బోలా థా సాబ్. బారకి ఛే ఫుట్ అని ఆడే చెప్పాడు."
ఆడే! పిల్లనిచ్చిన మామను, చేపలవాడని, ఆడే అని!
నాన్నను ఎవరూ అడగలేదు. ఆరు అనే మాటే ఆయన నోట రాలేదు.
"నేను సరిచేసి రాసిచ్చాను సార్," అన్నాను.
"దిఖావ్," చూపించమన్నాడు సాబు.
ఫైలు తిప్పాను. లేదు. మొదటి పట్టిక ఉంది, కింద నా సంతకంతో. రెండోది లేదు. బావ అప్పుడు చూశాడు నావైపు, ఎంతో జాలిగా. ఆ జాలికే ఒళ్ళు మండిపోయింది. నమ్మించి గొంతు కోయడమంటే వినడమే గానీ ఇన్నాళ్ళూ చూడలేదు.

నవంబరు 20
అక్క వచ్చింది. ఏడో నెల. "ఆయన ఉజ్జోగం పోతే మేమేటైపోతాం, చెల్లీ?" నాన్న సంగతి అడిగితే ఏడ్చింది. ఇంటి అల్లుడని ఎంత చేశాడు నాన్న. బావ తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు. నాన్న మూడు రోజులుగా వేటలో ఉన్నాడు, ఏమీ తెలియదు.

నవంబరు 21
అన్నం మానేశాను. అమ్మ అడిగితే తలనొప్పి అన్నాను. నాన్న వచ్చాక నేనే చెప్పాలి. మాటలు కూర్చుకుంటున్నాను, కుదరడం లేదు.

నవంబరు 22
నాన్న రేవు నుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్ళొచ్చాడు. బావ కబురు పెట్టాడట. గుమ్మంలోనే నవ్వు.
"అల్లుడు మాట నిలబెట్టీసాడే! సరంగు కాయితం మీద ఏలుముద్ర ఏయించీసుకున్నాడు."
అందులో బారలూ అడుగులూ అని ఏమైనా ఉందా, చదివి వినిపించారా అని అడిగాను.
"అల్లుడుండగా చదివించుకోడం ఏటి?"
బొటనవేలికి సిరా ఇంకా తడిగానే ఉంది. చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. రుద్దుకుంటూ, రేపు ఖాకీ గుడ్డ కొనాలి, నువ్వూ రా, అంటున్నాడు.