ఆ దడ రావద్దని మొక్కాను

శుక్రవారం, రేపల్లె

నాకు రాసుకునే అలవాటు లేదు. ఈ మాట ఎవరితోనూ చెప్పుకోలేక పెన్ను పట్టాను.

పోయిన నెల బాపట్ల స్టేషన్లో గుండెదడ వచ్చి మా ఆయన పడిపోయారు. తొడ దగ్గర నరంలోంచి గుండెలోకి తీగ పంపి, దడ పుట్టే చోటు కాల్చేస్తామని నిన్న ఆస్పత్రిలో లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసినప్పటి నుంచి నేను బయట కుర్చీలో కళ్ళు మూసుకుని అమ్మవారిని ఒకటే అడిగాను. లోపలున్నంతసేపూ ఆయనకు దడ రాకుండా చూడమని.

రాలేదు.

"అమ్మా, అది గుండె వెనకవైపు ఎక్కడో పుడుతోంది. దడ వస్తేనే చోటు దొరుకుతుంది. మందిచ్చి రప్పించాలని కూడా చూశాం, రాలేదు. చోటు తెలియకుండా కాల్చలేం" అన్నారు డాక్టరు.

ముందే అడిగి తెలుసుకోవాల్సింది. నాకు నోరు రాలేదు.

ఈరోజు తెనాలిలో రైలు మారి కూర్చున్నాక ఆయన నవ్వారు. "ఇంట్లో ఎగిరెగిరిపడే గుండె, డాక్టర్ల ముందు నీలాగే నోరు మెదపలేదేంటే? ఇంతకీ సరిగ్గా మొక్కావా?"

"మొక్కానండి" అని కిటికీ వైపు తిరిగాను.

మళ్ళీ తీసుకెళ్ళాలి. ఈసారి దడ రావాలని మొక్కాలి. సాయంత్రం దీపం ముందు కూర్చుని, "ఆయనకు దడ" అన్నంత వరకే అనగలిగాను.

అమ్మా, ఈ కాగితం నీ పటం వెనక పెడుతున్నాను. ఆయన చదివితే నవ్వి ఊరుకుంటారు. అదే నేను తట్టుకోలేను. నీ దగ్గరే ఉంచు, ఆయనకు చూపించకు.