వాసన వేరు, వాసనా వేరు

రుఆబాంధా, భిలాయి
డిసెంబరు, 1994

తోటల అధికారి శ్రీ సతీష్‌కుమార్ గారి సముఖానికి,

అయ్యా,

విషయం: మా పెరట్లో కొత్తిమీర పూత పీకి, క్యాబేజీకి మందు కొట్టవలెనన్న తమ నోటీసు రద్దు గురించి.

ముందుగా ఒక సవరణ. నిన్న ఆఫీసులో "మామ్మగారూ, నలుగురిలో అలాటి మాటలేటండీ?" అని తమరు నన్ను మందలించారు. తమ సూపర్‌వైజరుతో నేనన్నది, "పౌధోం కీ వాసనా సే కీడే ఆతే హై" అని. మొక్కల వాసనకి పురుగులు వస్తాయని నా భావం. హిందీలో వాసనా అంటే కామమని, ఆయన చెవులు ఎర్రబడ్డాక గాని తట్టలేదు. ఖుష్‌బూ అనవలసింది. బాటనీ చెప్పి రిటైరైనదాన్ని. తప్పు నా హిందీది, సైన్సుది కాదు.

1. గొంగళిపురుగు కొరికితే క్యాబేజీ ఆకు ఒక వాసన వదులుతుంది. అది పసిగట్టి చీమంత కందిరీగలు వచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి. పిల్లలు దాన్ని లోపల్నుంచి తినేస్తాయి. ఫిర్యాదు అందిన రోజే కదిలే శాఖ ఈ ఊళ్లో నాకు తెలిసి ఇదొక్కటే.

2. సదరు సిబ్బందికి జీతం పూలలో తేనె. అందుకే కొత్తిమీర, సోపు పూతకి వదిలాను. తమ నోటీసులో అవి 'పిచ్చిమొక్కలు'.

3. ఫిర్యాదిచ్చిన పక్కింటి కనకలత నన్నూ అడిగింది: "ఏటి పిన్నీ, కందిరీగల్ని పెంచుతున్నావా? మా బుజ్జిగాణ్ణి కుట్టీవా?"

"వాటికి నీ కొడుకు పనికిరాడే, గొంగళిపురుగే కావాలి" అన్నాను. అలిగింది.

4. క్యాబేజీ మడి మా ఆయన రామచంద్రరావు గారి కిటికీ కిందే. ఆయనకి ఉబ్బసం. పోయినేడు మందు కొట్టాక తెల్లవార్లూ మంచం పట్టె పట్టుకుని కూర్చున్నారు, నేను వీపు రాస్తూ. పురుగులు మళ్లీ వచ్చాయి, కందిరీగలు రాలేదు. సోమవారం మళ్లీ మందు పంపు వస్తుందట. నిర్మూలించవలసిన వాటిలో మా ఆయన కూడా ఉన్నారేమో తెలుపగలరు. ఇంకోసారి ఆయన తట్టుకోలేరు, సతీష్‌బాబూ.

కాబట్టి పై సంగతులు తమరు చదివి, తెలుగు చదవడం రాకపోతే మీ అమ్మగారి చేత చదివించుకుని అయినా చిత్తగించవలెను.

తప్పనిసరై తమ విధేయురాలు,
జ్ఞానప్రసూన

తా.క. దీంతో హార్లిక్స్ సీసా పంపుతున్నాను. అందులో పురుగుకి అంటుకున్న పసుప్పచ్చ గూళ్లు కందిరీగలవి. మూతికి కట్టిన గుడ్డ విప్పకండి, ఎండలో పెట్టకండి. రెక్కలొచ్చి లోపల తిరగడం కళ్లారా చూశాక, తమరే స్వయంగా తెచ్చి మా క్యాబేజీ మడిలో వదలండి. పంపు తేవద్దు. గేటు గడియ బిగుసుకుపోయింది, కాస్త పైకెత్తి తీయండి.