బాగుందని చేసిన సైగ

అక్కకు నమస్కారం. నేను క్షేమంగానే ఉన్నాను, కంగారుపడకు.

నేను చేరిన, సిలిండరు కట్టుకుని లోతు నీళ్లలోకి దిగే టెక్నికల్ డైవింగ్ క్లాసులో మాకు నేర్పే అమ్మాయి కూడా ఇంకా ట్రైనీయే. ఆమె ఎలా నేర్పుతోందో పెద్ద మాస్టారు వెనకాలే ఉండి చూస్తుంటారు. నిన్న నీళ్ల అడుగున ఆమె "గాలి సరిపోతుందా?" అని సైగ చేసింది. నా గాలి మీటరు ముల్లు అప్పటికే, ఇక అయిపోవచ్చిందని చెప్పే ఎర్ర గీత మీదుంది. సరిపోదని చెబితే క్లాసు ఆగిపోతుంది, పాపం మాస్టారి ముందు ఆ పిల్ల మాట పడుతుందని, బాగుందని వేళ్లు సున్నాలా చుట్టి చూపించాను. మాస్టారు వచ్చి నా మీటరు చూసి, అందరినీ పైకి తీసుకొచ్చేశారు.

పడవెక్కాక ఆమెతో, "అతను చెప్పింది నమ్మేసి మీటరు చూడలేదు నువ్వు. నీ ట్రైనింగ్ మళ్లీ మొదటినుంచి చెయ్యి," అన్నారు. ఆ పిల్ల నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మీకేం కాలేదు కదండీ?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

నీళ్లు చల్లగా ఉంటున్నాయి, నా ఉన్ని బనీను పంపించు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. మోకాలి నొప్పి తగ్గిందని ప్రతి కార్డులోనూ రాస్తావు. ఈసారి మేడమెట్లు ఎక్కి చూసుకుని రాయి.

నీ తమ్ముడు